కాలుష్య సహనమూ – జన్యు వైవిధ్యమూ

మన ప్రాంతపు రైతు పత్తిచేనుపై చల్లే పురుగుల విషాన్ని ‘మందు’ అంటాడు. జ్వరం వచ్చినప్పుడు మింగే మాత్రను కూడ ‘మందు’ అనే అంటాడు. ఒకే మాట రెండు పనులకు చెల్లుబాటు కావడం భాషలో వింత కాదు. అయితే ఈ రెండు మందులూ తమ పని తీరిన తరువాత ఎక్కడికి చేరుతున్నవని ప్రశ్నించుకుంటే ఉభయులకూ దారి ఒక్కటే. వాన నీటితోనో, మురుగు నీటితోనో కలిసి వాగుకు, వాగు నుండి చెరువుకు. ఆ చెరువులో చేపలు, కప్పలు, నత్తలు ఉన్నవి. వాటిని తిని బ్రతికే కొంగలు, నీటికాకులు ఉన్నవి. మన మందులో వాటికి ప్రమేయం లేదు గాని, దాని ఫలంలో భాగం మాత్రం ఉన్నది.

ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు “ఏముంది, అవే అలవాటు పడతాయి” అని కొందరు తేలికగా అనడం మనం విన్నదే. ఈ మాటలో సత్యమెంత, ప్రమాదమెంత అని విచారించడం ఈ వ్యాసోద్దేశం. మేము భాషాసాహిత్యాలు బోధించేవారము. జీవశాస్త్రం మా వృత్తి కాదు. అయినా కుకునూరుపల్లి చుట్టుప్రక్కల చేనూ చెరువూ నమ్ముకొని పెరిగిన విద్యార్థులకు ఈ శాస్త్ర విషయం వారి మాటలలో అందవలసిన అవసరం ఉన్నదని తలచి పూనుకున్నాము.

అలవాటు వేరు, వారసత్వం వేరు

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. ఒక చేప కొద్దిపాటి విషం గల నీటిలో కొన్నాళ్లు ఉన్నప్పుడు, దాని కాలేయంలో విషాన్ని విరిచే ఎంజైములు ఎక్కువగా తయారు కావచ్చును. అప్పుడు ఆ చేప మునుపటికంటె కొంత ఎక్కువ మోతాదుకు తట్టుకొంటుంది. ఇది ఆ ఒక్క ప్రాణికి కలిగిన అలవాటు. శుభ్రమైన నీటిలోకి మారితే క్రమంగా పోతుంది. ఆ చేప పిల్లలకు అది ఆస్తిగా సంక్రమిస్తుందని నమ్మడానికి లేదు.

వారసత్వంగా వచ్చే సహనం వేరు. ఒకే తల్లి పిల్లలైనా ఒకే తీరుగా ఉండరు. ప్రాణి శరీర నిర్మాణానికి సూచనలు వ్రాసి ఉన్న జన్యువులలో ఇక్కడొక అక్షరం, అక్కడొక అక్షరం తేడాగా ఉంటుంది. ఈ తేడాల మొత్తాన్నే జన్యు వైవిధ్యం అంటున్నారు. వేల చేపలున్న చెరువులో ఏ కొన్నింటికో, ఒక ఎంజైము మిగతా వాటికంటె చురుకైనది కావచ్చును. లేదా విషం వెళ్లి పట్టుకొనే స్థానం ఆకృతి కొంచెం మారి ఉండవచ్చును. విషం లేనంత కాలం ఆ తేడాకు విలువ లేదు. విషం వచ్చిన నాడు తక్కినవి చస్తాయి, అవి మిగులుతాయి. మరుసటి తరం వాటి సంతానమే. మన ఉర్దూ మిత్రులు వాడే ‘నస్ల్’ అనే మాటకు వంశమనీ తరమనీ రెండర్థాలూ ఉన్నవి. ఇక్కడ ఆ రెండర్థాలూ పొసగుతాయి.

కాబట్టి విషం ప్రాణికి పాఠం చెప్పదు, జల్లెడ పడుతుంది. జల్లెడలో నిలిచే గింజ ముందుగానే రాశిలో ఉండాలి. లేకపోతే నిలిచేదేమీ ఉండదు.

ఒక ప్రాణి సమూహంలో కనబడే సహనం అలవాటా, వారసత్వమా అని తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒక సులభమైన ఉపాయం అనుసరిస్తారు. కలుషితమైన చోటి చేపలనూ, శుభ్రమైన చోటి చేపలనూ తెచ్చి, రెండింటినీ ఒకే రకమైన మంచి నీటిలో ఒకటి రెండు తరాలు పెంచుతారు. ఆపై వాటి పిల్లలకు విషపరీక్ష పెడతారు. విషం ఎరుగని ఆ పిల్లలలో కూడ భేదం నిలిస్తే అది వారసత్వమే.

పత్తిచేను చెప్పిన పాఠం

ఈ జల్లెడ పని మన కళ్లముందే జరిగింది. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మన పత్తి చేలకు వచ్చినవి. తొలి ఏళ్లలో శనగపచ్చ పురుగు వాటికి ఇట్టే లొంగింది. రైతులు పదే పదే పిచికారి చేశారు. 1987-88 పంటకాలంలో కోస్తా జిల్లాల పత్తి చేలలో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావక పంట నాశనమైంది. అక్కడి పురుగులు పైరిత్రాయిడ్లకు నిరోధకత పొందినట్లు పరిశోధకులు నిర్ధారించారు.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. అంతకు పూర్వం చాలా ఏళ్లుగా చేలపై డి.డి.టి. వాడారు. డి.డి.టి.కీ పైరిత్రాయిడ్లకూ రసాయన నిర్మాణం వేరైనా, రెండూ కీటకపు నరాలలో సోడియం వచ్చిపోయే ద్వారాలనే పట్టుకొంటాయి. ఆ ద్వారపు జన్యువులో ఒక మార్పు ఉన్న కీటకం రెండింటికీ లొంగకపోవచ్చును. అంటే పాత విషం కొత్త విషానికి దారి చదును చేసి పెట్టవచ్చును. దీనిని అడ్డ నిరోధకత అనవచ్చును.

తరువాతి కథ కూడ మన జిల్లా రైతులకు తెలిసినదే. 2002లో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. ఒక మట్టి బాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో ప్రవేశపెట్టడం వలన, పురుగును చంపే ప్రొటీను మొక్కలోనే తయారవుతుంది. 2006లో రెండు ప్రొటీన్లు గల విత్తనం వచ్చింది. ఒకదానికి తట్టుకొన్న పురుగు రెండవదానికి చస్తుందని ఆలోచన. కాని గులాబీ రంగు పురుగు మొదటి ప్రొటీనుకు గుజరాత్‌లో నిరోధకత పొందినట్లు 2010లో ప్రకటితమైంది. కొన్ని ఏళ్లలోనే రెండింటికీ తట్టుకొనే పురుగులు కనబడినవి. ఆ పిమ్మట తెలంగాణ పత్తి చేలు కూడ వాటి దెబ్బ చవిచూచినవి.

బీటీ విత్తనంతో పాటు, చేను చుట్టూ వేయడానికి మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చేవారు. చాలమంది దానిని వృథా అనుకొని పారవేశారు. ఆ పొట్లం వెనుక ఉన్నది నేటి మన విషయమే. మామూలు మొక్కలపై పెరిగిన లొంగే పురుగులు, చేనులో మిగిలిన లొంగని పురుగులతో జతకట్టాలి. పుట్టే సంతానంలో నిరోధక జన్యువు ఒంటరిగా ఉండి బలం చూపలేకపోవాలి. శత్రువు విషయంలో కూడ జన్యు వైవిధ్యాన్ని కాపాడితేనే మన ఆయుధం పదును నిలుస్తుందని దీని భావం.

విషం ఒకటి కాదు, అనేకం

పురుగు గెలిచింది గదా, అలాగే చేపలూ కప్పలూ గెలుస్తాయి గదా అని ఎవరైనా అనవచ్చును. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పురుగుల సంఖ్య కోట్లలో ఉంటుంది, ఏడాదికి అనేక తరాలు గడుస్తాయి. పైగా దానికి ఎదురైన విషాలు ఒకటి రెండు, అవి కూడ ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. చెరువులోని ప్రాణికి ఎదురయ్యేది మిశ్రమం.

ఇందుకు ఉదాహరణ వెదకడానికి దూరం పోనక్కరలేదు. నేటి సంగారెడ్డి జిల్లా, సిద్దిపేట జిల్లాలో అధిక భాగమూ పూర్వపు మెదక్ జిల్లాలోనివే. ఆ జిల్లా పటాన్‌చెరులో 1970ల నుండి పెరిగిన పారిశ్రామిక వాడ వ్యర్థజలాలు నక్కవాగులోను, దాని ద్వారా మంజీరలోను కలిసిన సంగతి ప్రసిద్ధం. దాదాపు తొంభై మందుల కర్మాగారాల వ్యర్థజలాలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేవి. ఆ కేంద్రం శుద్ధి చేసి వదలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఒక్క ఔషధమే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. దానితో పాటు రక్తపోటు మందులు, అలర్జీ మందులు మొదలైనవి మరెన్నో ఉన్నవి. ఆ నీటిని అయిదు వందల రెట్లు పలుచన చేసి అందులో ఆఫ్రికా జాతి కప్పపిల్లలను పెంచగా, వాటి ఎదుగుదల నలభై శాతం తగ్గినట్లు 2009లో వెల్లడి అయింది. మరొక ప్రయోగంలో అంతే పలుచన చేసిన నీటిలో చేపలను ఉంచితే, వాటి కాలేయంలో సైటోక్రోమ్ జాతికి చెందిన విషహర ఎంజైము పని పెరిగింది. శరీరం తన కున్న ఆయుధం తీసిందన్న మాట.

ఇటువంటి మిశ్రమానికి సహనం వారసత్వంగా రావాలంటే మూడు దారులున్నవి. మొదటిది, అనేక విషాలను ఒకే ఎంజైము విరిచివేయడం, లేదా అనేక విషాలు ఒకే స్థానాన్ని పట్టుకోవడం. అప్పుడు ఒక్క జన్యుభేదం పలు విషాలకు డాలు అవుతుంది. రెండవది, ఒక్కొక్క విషానికి ఒక్కొక్క జన్యుభేదం అవసరం కావడం. మూడవది, ఒక విషం నుండి కాపాడే జన్యుభేదమే మరొక కష్టం ముందు ప్రాణిని బలహీనం చేయడం.

రెండవ దారి ఎంత ఇరుకైనదో ఒక ఊహా సంఖ్యతో చూడవచ్చును. ఒక విషానికి తట్టుకొనే జన్యువు నూటికి ఒక చేపలో ఉన్నదనుకొందాము. మరొక విషానికి తట్టుకొనే వేరొక జన్యువు కూడ నూటికి ఒకదానిలో ఉన్నదనుకొందాము. రెండూ కలిసి ఉన్న చేప పదివేలకు ఒకటి. మూడవ విషం చేరితే పది లక్షలకు ఒకటి. అయిదు వేల చేపలున్న చెరువులో రెండు విషాలు ఒకేసారి గట్టిగా పడితే, నిలిచే చేప ఒక్కటైనా ఉండకపోవచ్చును. అదే విషాలు తక్కువ మోతాదులో, కాలవ్యవధితో వస్తే, మిగిలినవి జతకట్టి రెండు జన్యువులనూ ఒక సంతానంలో కలిపే అవకాశం ఉంటుంది. కాబట్టి సమూహం ఎంత పెద్దది, దానిలో వైవిధ్యం ఎంత, విషం ఎంత వేగంగా వచ్చింది అన్న మూడింటిపై ఫలితం ఆధారపడుతుంది.

నిలిచినవి చెల్లించిన మూల్యం

దోమల నివారణకు మన పంచాయతీలు నీటిగుంటలలో వదిలే గంబూసియా చేప అందరికీ తెలిసినదే. అది అమెరికా ఖండపు చేప. ఆ దేశంలోని మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేల ప్రక్క గుంటలలో ఉన్న గంబూసియాలు డి.డి.టి.కి నిరోధకత పొందినట్లు 1963లో ప్రకటించారు. అటుపిమ్మట ఎండ్రిన్ వంటి ఇతర పురుగుమందులకు కూడ అవి తట్టుకొంటున్నట్లు తేలింది. ఇంతవరకు వింటే చేప గెలిచినట్లే. కాని 1968లో ప్రకటితమైన ప్రయోగంలో, ఎండ్రిన్ తట్టుకొన్న చేపలను ఇతర ప్రాణులకు ఆహారంగా పెడితే, వాటిని తిన్న పలు జాతుల జంతువులు చనిపోయినవి. చేప బ్రతికింది విషాన్ని వదిలించుకొని కాదు, ఒంట్లో మోసుకొంటూ. లొంగే చేప అయితే చెరువులోనే చచ్చి తేలేది, మనిషికి హెచ్చరిక అయ్యేది. లొంగని చేప ఆరోగ్యంగా కనబడి, కొంగ గొంతులోకి విషాన్ని చేరవేసింది. సహనశక్తి గల చేప ఉన్నంత మాత్రాన చెరువు శుభ్రమైనదని భావించరాదు.

అమెరికా తూర్పు తీరపు కిల్లీ చేపల వృత్తాంతం మరింత ప్రసిద్ధం. పి.సి.బి.లు, డయాక్సిన్లు వంటి పారిశ్రామిక విషాలు పేరుకొన్న నదీముఖాలలో ఈ చిన్న చేపలు, మామూలు చేప పిండాలను చంపే మోతాదుకు వందల, వేల రెట్లు తట్టుకొని బ్రతుకుతున్నవి. నాలుగు వేర్వేరు కలుషిత తీరాల చేపల జన్యురాశిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. అన్నిచోట్లా మార్పు ప్రధానంగా ఒకే విషగ్రాహక వ్యవస్థకు చెందిన జన్యువులలో జరిగింది. మనం పైన చెప్పిన మొదటి దారి ఇదే. ఇది సాధ్యం కావడానికి ముఖ్య కారణం, ఆ చేపల సమూహాలు చాల పెద్దవి, వాటి జన్యు వైవిధ్యం మిక్కిలి అధికం.

అయితే మూడవ దారి కూడ వాటి కథలోనే ఉన్నది. వర్జీనియా రాష్ట్రంలో ఎలిజబెత్ అనే నది ఉన్నది. కొయ్య చెడకుండ రైలు స్లీపర్ల వంటివాటికి పట్టించే క్రియోసోట్ నూనె దాని అడుగున పేరుకొన్నది. అక్కడి కిల్లీ చేపల సంతానం ఆ విషానికి తట్టుకొంటుంది గాని, నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మామూలు చేప పిల్లలకంటె త్వరగా చస్తుందని 2003లో తెలిపారు. వేసవిలో నీరు తగ్గి, ఎరువుల వలన నాచు పెరిగి, తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరచి పైకి తేలే చెరువులను చూచిన మన విద్యార్థులకు దీని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

సమయం చాలని రాబందు

ఇక జల్లెడలో ఏమీ మిగలని సందర్భం ఒకటి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ ఔషధం, ఆ పశువు చచ్చిన తరువాత దాని మాంసంలో ఉండిపోయి, తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపుతున్నదని 2004లో నిరూపితమైంది. పశువుకు మందు, పక్షికి విషం. 1990ల నుండి పదిహేనేళ్లలోనే మనదేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా నశించినవి. ఒకప్పుడు ఊరి బయట గుంపులుగా వాలిన పక్షిని నేటి పిల్లలు బొమ్మలో చూడవలసి వచ్చింది.

రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెడుతుంది. పిల్ల పెరిగి జతకట్టడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. పత్తిపురుగుకు అయిదేళ్లలో అనేక తరాలు గడిస్తే, రాబందుకు ఒక్క తరమైనా పూర్తి కాదు. తట్టుకొనే జన్యుభేదం వంశంలో ఎక్కడో ఉన్నదనుకొన్నా, అది వ్యాపించేలోగా వంశమే అంతరిస్తుంది. ఇక్కడ “అలవాటు పడతాయి” అన్న మాటకు అర్థం లేదు. మార్పు పక్షి వైపు నుండి కాక, మనిషి వైపు నుండి రావలసి వచ్చింది. 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. అంతటితో సరిపోలేదు. ఎసిక్లోఫెనాక్ అనే మరొక మందు పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్ కూడ రాబందులకు ప్రాణాంతకమే. ఈ రెంటినీ 2023లో నిషేధించారు. 2013లో ఆసిఫాబాద్ ప్రాంతపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొన్నట్లు కనుగొని, అటవీశాఖ వారు సంరక్షణకు పూనుకున్నారు. ఆ కొద్ది పక్షులతో పాటు మిగిలిన జన్యు వైవిధ్యం కూడ కొద్దిదే. సంఖ్య మళ్లీ పెరిగినా, పోయిన జన్యుభేదాలు వెంటనే తిరిగిరావు.

మన చెరువులకు వర్తించేది

ఈ ఉదాహరణలన్నీ ఒకచోట చేరిస్తే మనకు రెండు కర్తవ్యాలు కనబడుతున్నవి.

మొదటిది, వంశంలో వైవిధ్యాన్ని నిలుపుకోవడం. తెలంగాణ పెద్దలు కట్టించిన గొలుసుకట్టు చెరువులలో ఒకటి నిండి అలుగు దుమికితే ఆ నీరు రెండవ చెరువుకు చేరేది. నీటితో పాటు చేపలూ ప్రయాణించేవి. కొర్రమట్ట, జెల్ల, పరక మొదలైన నాటు చేపల సమూహాలు వేర్వేరు చెరువులలో ఉన్నా, వానాకాలంలో కలిసి ఒక పెద్ద వంశంగా నిలిచేవి. కాలువ పూడి, వాగు ఆక్రమణకు గురై, చెరువు ఒంటరి అయినప్పుడు అందులోని చేపల వంశం చిన్నదై, దగ్గరి బంధువులే జతకట్టి, వైవిధ్యం సన్నగిల్లుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాల చెరువుల పూడిక తీశారు. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ వలన గోదావరి జలం మన ప్రాంతానికి వచ్చింది. ఇవి సంతోషించవలసిన సంగతులు. పూడికతో పాటు చెరువుకూ చెరువుకూ మధ్యనున్న దారిని కూడ కాపాడితే చేపల వంశానికి మేలు జరుగుతుంది. అలాగే చెరువులలో వదిలే చేపపిల్లలు కొద్ది తల్లిచేపల సంతానం కాకుండ, పలు నదుల నుండి తెచ్చిన పలు వంశాల సంతానమై ఉండాలి. కొర్రమట్ట మన రాష్ట్రపు చేప. రాష్ట్ర చిహ్నానికి గౌరవం దాని వంశాన్ని నిలపడంలో ఉన్నది.

రెండవది, మొదటిదానికంటె ముఖ్యమైనది, విషాల సంఖ్యను తగ్గించడం. డి.డి.టి.ని వ్యవసాయంలో 1989లోను, ఎండోసల్ఫాన్‌ను 2011లోను మనదేశంలో నిషేధించారు. ఒక విషం పోయిన చోట మరొకటి రావడం కూడ చూస్తున్నాము. రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపి కొట్టడం మన చేలలో మామూలైనది. చేనులో కలిపినవి చెరువులో విడిపోవు. పురుగు కనబడినంత మేరకే మందు, ఖాళీ డబ్బాలను వాగులో కడగకపోవడం, చెరువుగట్టు ప్రక్క కొంత నేలను మందు లేకుండ వదలడం – ఇవి ఏ రైతు ఇంట్లోనైనా మన విద్యార్థులు చెప్పగల మాటలు.

“అవే అలవాటు పడతాయి” అన్న మాటకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. కొన్ని పడతాయి. అవి సాధారణంగా సంఖ్యలో అధికమై, త్వరగా పిల్లలను కని, వైవిధ్యం గల వంశాలు. దురదృష్టవశాత్తు వాటిలో మన పంటకు శత్రువులే ఎక్కువ. నెమ్మదిగా పెరిగేవి, కొద్దిగా మిగిలినవి, ఒంటరి చెరువులో చిక్కినవి పడలేవు. వాటిలో మనకు మిత్రులే ఎక్కువ. సహనం ప్రకృతి తరతరాలుగా దాచిపెట్టిన మూలధనం. దానిని మనం కొత్తగా సృష్టించలేము, ఖర్చు మాత్రం చేయగలము. ఈ లెక్క తెలిసిన విద్యార్థి రేపు రైతైనా, మందుల దుకాణం పెట్టినా, కర్మాగారంలో అధికారి అయినా, చేతిలోని సీసాను మూత తీసే ముందు ఒక్క క్షణం చెరువు వైపు చూస్తాడని మా ఆశ.